ఉత్తగ నిలబడ్డ ఇరవై రెండు లక్షలు

శాలిబండ,
16 డిసెంబర్ 2025.

చిరంజీవి వసుధకు, చెవులు తప్ప మిగతావన్నీ సక్రమంగా పనిచేస్తున్న నీ మేనమామ సదాశివ రాసేది.

మొన్న ఆదివారం హాకీ లీగ్‌లో నీ వేలంపాట చూడడానికి నేనూ మీ ఆండాలత్తా బార్కస్‌లో ఖయ్యూం భాయ్ లుంగీల దుకాణానికి వెళ్లాం. మనింటి టీవీలో మనుషులు ఆకుపచ్చగా కనిపిస్తారు. నిన్ను ఆ రంగులో చూడడం నాకిష్టం లేదు. ఖయ్యూం భాయ్ బేరాలు ఆపేసి మాకు స్టూళ్లు వేశాడు. నీ పేరు రాగానే తెర మీద రెండు లక్షలు అని పడింది. ఆ రెండూ వస్తే చాలని మీ అత్త చేతులు జోడించింది. ఐదు అన్నారు. ఎనిమిది అన్నారు. పన్నెండు దగ్గర ఖయ్యూం భాయ్ లేచి నిలబడ్డాడు.

"మాస్టర్ సాబ్, గీమె మన వసుధనేనా? ఇంకో వసుధ ఉన్నదా ఏంది?" అని నా చెవిలో అరిచాడు.

ఇరవై రెండు దగ్గర సుత్తి దెబ్బ పడింది. నాకు చప్పుడు వినపడలేదు గానీ బల్ల అదరడం కనిపించింది. ఆ తర్వాత మీ అత్త ఏడుపు మొదలుపెట్టింది.

"గా స్టీల్ సిటీ టీమోళ్లు దాన్ని కొనుక్కున్నరా? మరి మల్ల మనకు ఇస్తరా, ఇయ్యరా?"

ఆ డబ్బు పది మ్యాచ్‌లు ఆడినందుకేనని, ఆ తర్వాత నువ్వు మనదానివేనని నచ్చజెప్పేసరికి నా గొంతు పోయింది.

నీ దగ్గర దాచడం దేనికి. ధర పెరిగిన కొద్దీ నాకు సంతోషం కాదు, భయమేసింది. ముప్పై నాలుగేళ్లు ఫలక్‌నుమా సర్కారు బడిలో డ్రిల్లు మాస్టరుగా విజిల్ ఊది చెవులు పోగొట్టుకుంటే, రిటైరైన రోజు నా చేతికొచ్చింది ఇందులో సగం. అంత డబ్బు పోసినవాళ్లు గోల్స్ అడుగుతారు. నువ్వు గోల్స్ వేసేదానివి కాదు, ఆపేదానివి. ఆపిన గోల్‌ను బోర్డు మీద ఎవరూ రాయరు.

అందుకని పాత మాటే మళ్లీ చెప్తున్నాను. ఉత్తగ నిలబడు. బయటివాళ్లకు ఉత్తగ అంటే ఖాళీగా అనో, పుక్కటికి అనో అర్థం. మన సంగతి వేరే. బంతి తెచ్చేవాళ్ల మీదికి ఎగబడకుండా, స్టిక్ నేలకు ఆనించి, దారి మూసి, వాళ్లంతట వాళ్లే తప్పు చేసేదాకా ఓపిక పట్టడం అని నీకూ నాకూ ఖయ్యూం భాయ్‌కీ తెలుసు. పదకొండేళ్ల పిల్లగా బడి గ్రౌండ్‌లో నేను సున్నంతో గీసిన గుండ్రటి గీతలో నిలబడి నేర్చుకున్నావు. అక్కడా అదే చెయ్యి.

ఫోన్ పెట్టుకుంటే నాకు గుయ్యిమనడం తప్ప ఏమీ వినపడదు. స్పోర్ట్స్ హాస్టల్ రోజుల్లో రాసినట్టే ఉత్తరం రాయి. మీ అమ్మకు రాయకపోయినా ఫరవాలేదు, అది ఫోన్‌లో మాట్లాడుకుంటుంది. నాకు రాయి.

ఇరవై రెండు లక్షల పిల్లవైనా పిక్కలకు నూనె రాసుకోవడం మానొద్దు.

నీ మామ,
సదాశివ


రూర్కెలా,
8 ఫిబ్రవరి 2026.

మామా,

ఆకుపచ్చ టీవీకీ, దాని యజమానికీ నమస్కారాలు. అత్త పంపిన ఉసిరికాయ పచ్చడి మూడు రోజుల్లో అయిపోయింది. టీమ్‌లో ఇద్దరు ఆస్ట్రేలియా అమ్మాయిలున్నారు, వాళ్లు దాన్ని రొట్టె మీద రాసుకుని తిన్నారు.

ఇక్కడ స్టేడియం గేటు ముందు నా బొమ్మ పెట్టారు. మామా, అది బస్సంత పొడుగుంది. కింద హిందీలో 'ఇరవై రెండు లక్షల గోడ' అని రాశారు. మొదటిరోజు దాన్ని చూసి నడవడం మరిచిపోయి నిలబడ్డాను, వెనకొచ్చే అమ్మాయి నన్ను గుద్దుకుంది. బొమ్మలో నా ముందు పళ్లు కూడా సరిచేశారు.

మూడు మ్యాచ్‌లయ్యాయి. రెండు ఓడిపోయాం. నువ్వు భయపడ్డట్టే జరుగుతోంది. నేను కుడి వైపు వెనక ఆడతాను కదా, గోల్ ఎడమ చివరి నుంచి పడినా కెమెరా తిప్పి నన్నే చూపిస్తారు. నేను నా చోట నిలబడి ఉంటాను. అందరూ పరుగులు పెడుతుంటే ఈమె ఒక్కతే నిలబడి ఉందని చూసేవాళ్లకు అనిపిస్తుంది. మొదటి మ్యాచ్‌లో జనం "బాయీస్ లాఖ్, బాయీస్ లాఖ్" అని నా ధరనే ముద్దుగా అరిచారు. మూడో మ్యాచ్‌కు అవే మాటలు, అదే రాగం, ముద్దు మాత్రం లేదు. ఒక నీళ్ల సీసా ఎగిరొచ్చి నా కాలి దగ్గర పడింది. దాని మూత కూడా తీయలేదు.

టీమ్‌లో దానిష్ అని లెక్కల మనిషి ఉన్నాడు. మంచివాడే, దీదీ అంటాడు. ప్రతి మ్యాచ్ తెల్లారి అందరికీ తలా ఒక కాగితం ఇస్తాడు. నా కాగితంలో మూడు మ్యాచ్‌లకూ కలిపి టాకిల్స్ రెండే ఉన్నాయి. ఎదుటివాళ్ల స్టిక్ మీది బంతిని లాక్కుంటేనే దాన్ని టాకిల్ అని రాస్తారు. మ్యాచ్‌కు రెండు లక్షల ఇరవై వేల చొప్పున మూడు మ్యాచ్‌ల డబ్బును రెండుతో భాగించి, ఒక్కో టాకిల్‌కు మూడు లక్షల ముప్పై వేలు పడిందని కింద వేశాడు. నేను నవ్వేశాను. రూముకొచ్చి ఫోన్‌లో మళ్లీ లెక్క చేసుకున్నాను. అతను తప్పు చేయలేదు.

యూట్యూబులో, ఫేస్‌బుక్కులో నా గురించి రాసేవి ఇంట్లో ఎవరూ చదవొద్దని అమ్మకు చెప్పాను. అమ్మను కూడా కలిపి రాస్తున్నారు. ఇంత మందికి నా మీద ఇంత కోపం ఎక్కడిదో నాకర్థం కావడం లేదు మామా. నేను వాళ్ల డబ్బు తీసుకోలేదు కదా. నీ దగ్గర బటన్ల ఫోనే ఉన్నందుకు మాత్రం సంతోషిస్తున్నాను.

బాగా ఆడుతున్నావని నువ్వు ఒక్కడివి రాస్తే చాలు.

నీ మేనకోడలు,
వసుధ


శాలిబండ,
14 ఫిబ్రవరి 2026.

బిడ్డా వసుధా,

బాగా ఆడుతున్నావు. ఇది మొదట రాసి మిగతాది తర్వాత రాస్తున్నాను.

ఒక టాకిల్‌కు మూడు లక్షల ముప్పై వేలా? నేను ముప్పై నాలుగేళ్లలో ఊదిన ఒక్కో విజిల్‌కు ఎంత పడిందో ఆ దానిష్ బాబును లెక్క కట్టి చూపించమను. లాక్కున్నవి లెక్కపెట్టాడు సరే, నిన్ను చూసి అసలు రాకుండా పోయినవాళ్లను ఏ గడిలో వేశాడు? మ్యాచ్‌లు ఖయ్యూం భాయ్ దుకాణంలో చూస్తున్నాం. నీ పక్క నుంచి ఒక్క గోల్ పడలేదు. మేమిద్దరం వేళ్లు ముడిచి మరీ చూశాం.

ఇక్కడి విశేషం వింటే నీ దిగులు పోతుంది. గురువారం నాడు మనింటికి మైకు పట్టుకుని ఒకమ్మాయి వచ్చింది. పేరు ఫరీహా, ఫలక్‌నుమా పిల్లే, యూట్యూబులో వార్తలు చెప్తుందట. నీ మేనమామను చూడాలని వెతుక్కుంటూ వచ్చిందంటే నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నీ పాత స్టిక్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల ఉర్దూలో అడిగింది, నేను మన తెలుగులో చెప్పాను. చెవి మిషన్ పెట్టుకొమ్మని మీ అత్త సైగ చేసింది గానీ, అది కెమెరా ముందు కుయ్‌మంటే పరువు పోతుందని బీరువాలోంచి తియ్యలేదు. పెదాలు చూసి అన్నీ పట్టేశాను.

నీకు గల్లీ వాళ్లు ఇస్తున్న గౌరవం గురించి మొదట అడిగింది. కిందటి నెల నీ పేరున మన గల్లీలో మిఠాయిలు పంచి నాకు శాలువా కప్పిన సంగతి ఆమె దాకా వెళ్లినట్టుంది.

"నాకు మస్తు ఖుషీగ ఉంది. ఇంకా ఇయ్యాలె. గామెకు గది హక్కే" అన్నాను.

ఇరవై రెండు లక్షలకు మీ అమ్మాయి ఏం చేస్తుందని తర్వాత అడిగింది. ఆ ప్రశ్న కోసమే కూర్చున్నట్టు నవ్వాను.

"ఏం చెయ్యది. ఉత్తగ నిలబడ్తది. ఉత్తగ నిలబడ్డదానికే ఇరవై రెండు లక్షలు" అన్నాను.

ఆ పిల్ల కళ్లు ఇంత చేసుకుంది. మన ఆట గొప్పతనం తెలిసి ఆశ్చర్యపోయిందని ఖయ్యూం భాయ్‌కు చెప్పాను. ఇప్పుడిక నిన్ను తిట్టేవాళ్లకు నీ పని ఏమిటో తెలిసొస్తుంది.

ధైర్యంగా ఉండు.

నీ మామ,
సదాశివ


రూర్కెలా,
17 ఫిబ్రవరి 2026.

మామయ్య గారికి,

నిన్న పొద్దున టిఫిన్ దగ్గర ఆస్ట్రేలియా అమ్మాయి తన ఫోన్ నా ముందు పెట్టి, ఇతను మీ చుట్టమేనా అని అడిగింది. నా పాత స్టిక్ పట్టుకుని మీరు నవ్వుతున్నారు. ఇస్త్రీ చొక్కా. కింద హిందీలో పెద్ద అక్షరాలు: 'ఇరవై రెండు లక్షలు తీసుకుని ఫుకట్‌గా నిలబడుతుంది, సొంత మామ మాట.'

మొత్తం చూడలేకపోయాను. చూసినంతలో ఆ అమ్మాయి, "ఫ్యాన్సా గాల్యా దేరే, ఆప్‌కు కైసా లగ్‌రా?" అని అడిగింది. జనం నన్ను బూతులు తిడుతున్నారు, మీకెలా ఉంది అని. దానికి మీరు ఖుషీగా ఉందన్నారు. ఇంకా ఇయ్యాలె అన్నారు. గది నా హక్కు అన్నారు.

ఉత్తగ అనే మాట మనదని నాకు తెలుసు. దాని అర్థం తెలియక నేను ఏడవడం లేదు. ఇంట్లో మాటను బజారులో ఎందుకు పెట్టారు? దాని అర్థం ముగ్గురికే తెలుసని మీరే రాశారు కదా. నిన్న సాయంత్రం మ్యాచ్‌లో అటు నుంచి ఇటు దాకా ఒకటే పాట, "బాయీస్ లాఖ్, ఫుకట్ మే ఖడీ", అంటే ఇరవై రెండు లక్షలకు పుక్కటికి నిలబడిందని. రెండుసార్లు తట్టుకోలేక నా చోటు వదిలి బంతి మీదికి ఎగబడ్డాను. రెండుసార్లూ నా పక్క నుంచే గోల్ పడింది.

రాత్రంతా ఒకటే ఆలోచన. హాస్టల్లో అందరికంటే మెల్లగా పరుగెత్తేది నేనే. పరుగు రాని పిల్లను ఏం చేయాలో తెలియక, నిలబడడమే గొప్ప విద్య అని మీరు కల్పించి చెప్పారా? తిట్లు ఇంకా ఇయ్యాలె అన్న మాట నోరు జారి వచ్చిందో, లోపలి నుంచి వచ్చిందో నాకెలా తెలుస్తుంది? ఒక్కసారి నిజం చెప్పండి. అది మొదటి నుంచీ అబద్ధమా?

కోచ్ మేడమ్ నన్ను ఇంకొక్క పెద్ద మ్యాచ్‌లో చూస్తానంది. మార్చి ఐదున, లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ వేసిన జైనబ్ వాళ్ల జట్టుతో. అందులోనూ కాగితం ఖాళీగా ఉంటే నన్ను బయట కూర్చోబెడతారు. ఈ ధరకు కొని బయట కూర్చోబెట్టినదాన్ని వచ్చే ఏడు ఎవరూ ముట్టుకోరు. అదే జరిగితే స్టిక్ ఇక్కడ ఎవరికైనా ఇచ్చేసి వస్తాను. ఆట ఇక ఆడను.

ఈ కవరు మూయబోతుండగా మీ ఉత్తరం వచ్చింది. విప్పలేదు. విప్పాలని లేదు.

వసుధ


శాలిబండ,
19 ఫిబ్రవరి 2026.

చిరంజీవి వసుధకు,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. మీ అత్త ఫోన్ చేస్తే ఎత్తడం లేదట. ప్రాక్టీసు గట్టిగా చేయిస్తున్నారని అర్థమైంది. మంచిదే.

ఇవాళ్టి నుంచి రోజాలు మొదలయ్యాయి. ఖయ్యూం భాయ్ పగలంతా దుకాణంలో మంచినీళ్లు ముట్టడు, నేను పక్కన కూర్చుని చాయ్ తాగితే పాపం తగులుతుందని ఇంటి దగ్గరే ఉండిపోయాను. ఈ మధ్య దుకాణంలో టీవీ కూడా పెట్టడం లేదు. డిష్ పాడైందట. సోమవారం మ్యాచ్ ఏమైందో రాయి.

నా ఇంటర్వ్యూ వచ్చిన దగ్గర నుంచి గల్లీలో నా విలువ పెరిగింది. పాల దుకాణం ముందు నలుగురు మాట్లాడుకుంటూ ఉంటారా, నేను వెళ్లగానే అందరూ లేచి నిలబడి నోరు మూసుకుంటారు. ఇంత మర్యాద నాకు హెడ్‌మాస్టరు కూడా ఇవ్వలేదు. మీ అత్త మాత్రం ఎందుకో మొహం తిప్పుకుని తిరుగుతోంది.

ఇంకో మైకు అతను వస్తానంటే మీ అత్త గడప దాటనివ్వలేదు. కుళ్లు.

నీ మామ,
సదాశివ


శాలిబండ,
23 ఫిబ్రవరి 2026.

వసుధా,

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. గడప మీదే నిలబడి చివరిదాకా చదివాను. మీ అత్త నీళ్లు తెచ్చింది. నా చేతిలో కాగితం చూసి, నేను అడగకముందే తల దించుకుంది.

"నాకు మొదటి దినమే తెల్సు. చెప్తే నువ్వు తట్టుకోవని చెప్పలె" అంది.

ఇఫ్తార్ దాకా ఆగి బార్కస్ వెళ్లాను. ఖయ్యూం భాయ్‌కు నీ ఉత్తరం చదివి వినిపిస్తే చేతిలో ఖర్జూరం పక్కన పెట్టి అంతా చెప్పేశాడు. డిష్ పాడవలేదట. జనం నిన్ను అంటున్న మాటలు నేను పెదాల మీద చదివేస్తానని టీవీ పెట్టలేదట. మీ అమ్మకు తెలుసు. పాల దుకాణం వాళ్లకు తెలుసు. శాలిబండ మొత్తానికి తెలిసి, నాకొక్కడికి తెలియదు. వాళ్లు లేచి నిలబడింది మర్యాదకు కాదు. సొంత మేనకోడల్ని బజారుకీడ్చిన మనిషి వస్తున్నాడని.

ఖయ్యూం భాయ్‌ని వెంటబెట్టుకుని ఫరీహా ఇంటికి వెళ్లాను. ఈసారి చెవి మిషన్ పెట్టుకున్నాను. కుయ్‌మంటే అననీ అనుకున్నాను. ఆ పిల్ల మమ్మల్ని చూసి బెదిరిపోయింది. కోప్పడలేదు, ఉత్తగ అంటే ఏమిటో చెప్పమన్నాను.

"ఫుకట్, అంకుల్. దుకాన్ల ఏమన్న ఉత్తగ ఇస్తరా అంటరు కదా. నేను గట్లనే రాసిన" అంది.

ఆమె తప్పు ఏముంది? తెలుగు ఆమె దుకాణాల్లో నేర్చుకుంది. మొదటి ప్రశ్న మళ్లీ అడగమన్నాను. నెమ్మదిగా అడిగింది. గాల్యా. నేను గల్లీ అనుకున్నది గాల్యా. నీకు గల్లీ వాళ్లు గౌరవం ఇస్తున్నారనుకుని, ఇంకా ఇయ్యాలె అన్నాను. వసుధా, నిన్ను ఇంకా తిట్టమని నా నోటితో నేనే చెప్పాను. పీక మీద కత్తి పెట్టినా చెప్పనివాణ్ని, నవ్వుతూ చెప్పాను. అక్కడే ఆ పిల్ల ముందు ఏడ్చాను, నాకు సిగ్గనిపించలేదు.

ఫరీహా అప్పటికప్పుడు సవరణ పెట్టింది. మొదటిదాన్ని మూడు లక్షల మంది చూస్తే, సవరణను ఇప్పటికి నూట పన్నెండు మంది చూశారట. అందులో మన వాళ్లమే తొమ్మిది మందిమి.

ఇప్పుడు నువ్వడిగిన నిజం. పన్నెండేళ్లుగా దాచింది చెప్తున్నాను. అవును, అబద్ధమే. నీకు టైఫాయిడ్ వచ్చి లేచావు, గుర్తుందా? రెండు నెలలు పరుగెత్తనియ్యొద్దని డాక్టరు చెప్పాడు. గ్రౌండ్‌కు తీసుకుపోకపోతే నువ్వు అన్నం ముట్టేదానివి కాదు. మీ అమ్మ ఏం చెయ్యాలో తెలియక నా దగ్గర దిగబెట్టింది. నిన్ను ఒకచోట కట్టిపడెయ్యడానికి సున్నం డబ్బా తెచ్చి చుట్టూ గీత గీశాను. ఇది పెద్ద ప్రాక్టీసు, గీత దాటినవాళ్లు ఔట్ అని నోటికొచ్చింది చెప్పాను. అందులో విద్యా లేదు, ఏమీ లేదు. పదకొండు రోజులు నిన్ను మోసం చేశాను.

పన్నెండో రోజు సాయంత్రం ఖయ్యూం భాయ్ వచ్చాడు. పడుచువాడుగా ఉన్నప్పుడు సిటీలో అతన్ని ఆపే డిఫెండర్ లేడని పేరు. నిన్ను ఆటపట్టిద్దామని బంతి తీసుకుని గీత మీదికి వచ్చాడు. కుడికి వంగాడు, ఎడమకు వంగాడు. నువ్వు కదల్లేదు. గీత దాటితే ఔట్ అని నేను చెప్పిన అబద్ధాన్ని నమ్మి, కళ్లు బంతి మీద పెట్టి, స్టిక్ నేలకు ఆనించి నిలబడ్డావు. అతను మూడుసార్లు వచ్చి మూడుసార్లూ బంతిని వెనక్కి తిప్పుకుని పోయాడు. తర్వాత నా దగ్గరకొచ్చాడు.

"మాస్టర్ సాబ్, గీ పోరి ఉత్తగ నిలబడ్డది. నాకే పోనీకి తొవ్వ దొర్కలె" అన్నాడు.

ఆ మాట నాది కూడా కాదు, అతనిది. అతని తెలుగు కూడా దుకాణంలో నేర్చుకున్నదే. ఆ రోజు నాకు వచ్చిన ఆశ్చర్యం వేలంపాట రోజు కూడా రాలేదు. టైఫాయిడ్ పిల్లను కూర్చోబెట్టలేక గీసిన గీతలో ఒక డిఫెండర్ నిలబడి ఉంది. తర్వాత నేను చేసిందల్లా రోజూ ఆ గీతను మళ్లీ గీయడం.

వచ్చేయాలనిపిస్తే వచ్చెయ్యి. నిన్ను ఎవరూ ఒక్క మాట అనరు, నేను అననివ్వను. ఆడితే మాత్రం నా మాట నమ్మి ఆడకు. నా మాట ఎంత పనిచేసిందో చూశావు. ఖయ్యూం భాయ్ వెనక్కి తిరిగి పోవడం నీ కళ్లతో నువ్వే చూశావు కదా, అది నమ్ము.

నన్ను మీరు అని రాశావు. అది చదివాక నాకు అన్నం సయించలేదు.

మామ


రూర్కెలా,
7 మార్చి 2026.

మామా,

నువ్వు అని రాస్తున్నాను, అన్నం తిను.

నీ ఉత్తరం మ్యాచ్‌కు నాలుగు రోజుల ముందు అందింది. మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో చదివాను, రెండోసారి గల్లీ దగ్గరకొచ్చేసరికి నవ్వాగలేదు, మూడోసారి టైఫాయిడ్ దగ్గర ఆగిపోయాను. నాకు ఆ గీత గుర్తుంది. అది దాటితే నువ్వు నన్ను ఇంటికి పంపేస్తావని ఎంత భయపడ్డానో గుర్తుంది. అది ఉత్తుత్తి గీత అని పన్నెండేళ్ల తర్వాత తెలిస్తే ఎలా ఉంటుందో చెప్పలేను. ఆ తర్వాత విప్పకుండా పెట్టెలో పడేసిన నీ పాత ఉత్తరం తీసి చదివాను. 'బాగా ఆడుతున్నావు. ఇది మొదట రాసి మిగతాది తర్వాత రాస్తున్నాను.' అది నా చేతిలో ఉండి కూడా పది రోజులకు పైగా చదవలేదు.

ఇప్పుడు మ్యాచ్ సంగతి. జైనబ్ మా కుడి పక్క నుంచి, అంటే నా మీదికే వస్తుంది. మొదటి ఐదు నిమిషాల్లో వచ్చింది. దగ్గర నుంచి చూస్తే ఆమె చేతులు కనిపించవు మామా, అంత వేగం. ఎగబడాలని ఒళ్లంతా లాగింది. కళ్లు బంతి మీద పెట్టి నిలబడ్డాను. కుడికి వంగింది, ఎడమకు వంగింది, స్థలం చాలక బంతి గీత బయటికి పోయింది. రెండోసారీ అంతే. మూడోసారి సగం దాకా వచ్చి ఆగి, వెనక్కి ఇచ్చేసింది. దేన్నీ నేను లాక్కోలేదు. కాగితంలో ఏ ఒక్కటీ ఎక్కదు.

హాఫ్ టైమ్ తర్వాత ఇంకో వింత. నా వైపు ఎవరూ రాలేదు. జైనబ్ ఎడమ పక్కకు వెళ్లిపోయింది. బంతి అక్కడే, ఆట అక్కడే, అందరూ అక్కడే. ఇటు సగం మైదానంలో నేనొక్కదాన్నే. ఆ ముప్పై నిమిషాలు స్టేడియం అంతా ఒకటే గొంతు, "బాయీస్ లాఖ్, ఫుకట్ మే ఖడీ". ముందు వరసలో ఒక పెద్దావిడ, నీ వయసుంటుంది, లేచి నిలబడి నాకేసి చెయ్యి తిప్పి తిప్పి తిట్టింది. ఆమె పెదాలు నాకు కనిపించాయి. పరుగెత్తి వెళ్లి బంతి కోసం పడితే వాళ్లు ఊరుకుంటారు. రెండడుగులు వేశాను కూడా. మళ్లీ నా చోటికి వచ్చేశాను. ఎడమ పక్క మా వాళ్లు నలుగురు కలిసి ఆమెను ఆపారు. ఒకటి సున్నాతో గెలిచాం.

చేతులు కలిపేటప్పుడు జైనబ్ నా చెయ్యి వదల్లేదు.

"నువ్వు మీదికి ఎందుకు రావు? వస్తావు, వస్తావని చూశాను. రెండో సగంలో నీ వైపు వెళ్లనే వద్దంది మా కోచ్. ఎవరు నేర్పారు నీకిది?" అని హిందీలో అడిగింది.

ఏమని చెప్పను, టైఫాయిడ్ అని చెప్పనా? మా మామ అన్నాను.

నిన్న పొద్దున దానిష్ కాగితం తెచ్చాడు. గోల్స్ సున్నా, టాకిల్స్ సున్నా. కోచ్ మేడమ్ ముందు కూర్చుని నా సంచి ఎలా సర్దుకోవాలా అని ఆలోచిస్తున్నాను. అతను ఇంకో కాగితం తీశాడు. మైదానం బొమ్మ మీద జైనబ్ బంతి ముట్టుకున్న చోటల్లా ఎర్ర చుక్కలు. రెండో సగంలో నా పక్క ఒక్క చుక్క లేదు. "మేడమ్, మిషన్ తప్పు అనుకుని రెండుసార్లు వీడియో చూశాను. ఇక్కడ ఏమీ జరగలేదు" అన్నాడు. మేడమ్ పెన్ను తీసి ఆ ఖాళీ జాగా చుట్టూ గుండ్రంగా గీసింది. మిగిలిన మూడు మ్యాచ్‌లకూ జట్టులో నా పేరు రాసింది.

జనానికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, చెప్పినా నూట పన్నెండు మంది చూస్తారేమో. గేటు ముందు నా బొమ్మ మీద ఎవరో బొగ్గుతో మీసాలు గీశారు. అలాగే ఉంచమన్నాను. స్టిక్ మాత్రం ఎవరికీ ఇవ్వడం లేదు. ఫరీహాను ఏమీ అనొద్దు. ఖయ్యూం భాయ్‌కు సలాం చెప్పు, ఆ మాట కనిపెట్టినందుకు ఆయనకు ఇక్కడి నుంచి ఏదైనా తెస్తాను. నువ్వు మాత్రం మళ్లీ మైకు కనిపిస్తే ముందు చెవి మిషన్ పెట్టుకో.

ఒక్కటి రాసి ఆపుతాను. దానిష్ కాగితం మీద నా పేరు పక్కన ఉన్నది సున్నా. మేడమ్ పెన్నుతో గీసిందీ సున్నాయే. నువ్వు ఆ రోజు సున్నంతో గీసింది కూడా అదే కదా మామా. అంత మంది తిడుతుంటే ఆ ముప్పై నిమిషాలూ నేను దాన్ని దాటలేదు.

ఉత్తగ నిలబడ్డ.

నీ వసుధ